తుమ్మెద రెక్కకి ఊదారంగు వేస్తే తప్పా?

కడప వైపు ఒక పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల అమ్మాయి రెండో తరగతి. పెన్సిలు పట్టుకోవడం వచ్చిన దగ్గర్నుంచీ రంగులే లోకం. ఎవరో బహుమతిగా ఇచ్చిన రంగుల పుస్తకంలో పూలూ, వాటి మీద వాలే జీవులూ ఉన్నాయి. మోనార్క్ సీతాకోకచిలుక, హమ్మింగ్‌బర్డ్, బొచ్చుతో బొద్దుగా ఉండే బంబుల్‌బీ, అన్నీ మన వైపు కనిపించనివే. ‘నా కూతురికి హమ్మింగ్‌బర్డ్ తెలుసు, తంగేడు తెలియదు’ అని ఈమెకి మనసు చివుక్కుమంది. ‘మన మొక్కలు, మన పురుగులు’ అని పేరు పెట్టి తనే పదీ పన్నెండు బొమ్మలు గీశారు. జిరాక్సులు తీసి అపార్ట్‌మెంటు పిల్లలకి పంచారు, వాట్సాప్ గ్రూపులోనూ పెట్టారు.

అదే అపార్ట్‌మెంటులో ఉండే రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకాయన, అందరూ చూస్తుండగా గ్రూపులోనే రాశారట: ‘బంతి, బిళ్ళగన్నేరు, కాగితం పూలు, తురాయి... వీటిలో ఒక్కటీ మన దేశపుది కాదమ్మా’ అని. ఇద్దరు ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఈమె ఆ గ్రూపులో మాట్లాడటమే మానేశారు. ఇంతలో ఇంట్లో ఇంకో గొడవ. కూతురు తుమ్మెద రెక్కలకి ఊదారంగు వేసింది. ‘తుమ్మెద నల్లగా ఉంటుంది, చూసి వెయ్యి’ అని కసిరి మళ్లీ వేయించారు. ఎర్రచందనం పువ్వుకి ఎరుపు వేస్తే అదీ దిద్దారు. ఇప్పుడా పిల్ల తల్లి గదిలోకి రాగానే కాగితం బోర్లించేస్తోంది. ‘ఆడుకునే దాన్ని కూడా హోంవర్క్ చేసిపెట్టావు’ అని భర్త. ‘పోయినేడు తేనెటీగ కుట్టింది చాలదా, మళ్లీ పురుగుల దగ్గరికా’ అని అత్తగారు.

‘మా నాన్న గట్టు మీద నడుస్తూ ప్రతి మొక్కకీ పేరు చెప్పేవారు. నాకు అందులో పదో వంతు రాదు. నాకే రానిది పిల్లకి నేర్పబోవడం తప్పా? ఆ బొమ్మలు వెనక్కి తీసుకోనా? రంగు తప్పు వేస్తే చెప్పాలా, ఊరుకోవాలా? అసలు రంగులు వేయిస్తే మొక్కలు తెలుస్తాయా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు తుమ్మెద సంగతి తేల్చేద్దాం. మీ అమ్మాయి వేసిన రంగు తప్పు కాదు. ఎండలో తంగేడు మీదో జిల్లేడు మీదో వాలిన తుమ్మెదని నిలబడి చూడండి. ఒళ్లు నల్లగానే ఉంటుంది. రెక్కల మీద వెలుగు పడే తీరును బట్టి నీలం, ఊదా తళుక్కుమంటాయి. మీరు తుమ్మెద అనే మాటని గుర్తు చేసుకుని నలుపన్నారు. పిల్ల నిజంగా చూసే వేసిందో, చేతికందిన పెన్సిలుతో వేసిందో నాకు తెలియదు. మీకూ తెలియదు, ఎందుకంటే అడగలేదు. ‘ఈ రంగు ఎందుకు వేశావు?’ అని ఒక్క మాట అడిగి ఉంటే జవాబు ఏదైనా మీకు పనికొచ్చేది. ‘బాల్కనీలో చూశాను’ అంటే మీ ప్రయత్నం అప్పటికే ఫలించినట్టు. ‘ఊదా నాకిష్టం’ అంటే అది ఆట, దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఎర్రచందనం విషయంలో మీదే రైటు. ఎరుపంతా చేవలో ఉంది, పూలు పసుపు. పేరు విని పువ్వు కూడా ఎర్రగా ఉంటుందనుకోవడం పిల్లలే కాదు, పెద్దవాళ్లూ చేసేదే. లోకంలో మరెక్కడా సహజంగా పెరగని ఆ చెట్టు శేషాచలం కొండల్లో, వాటి చుట్టుపక్కల అడవుల్లో ఉంది, అంటే దాదాపు మీ ఇంటి వెనకే. అలాంటి చెట్టు పువ్వు రంగు అమ్మ నోట వినడం వేరు, తలెత్తి కొమ్మ మీద చూసి ‘అరె, పసుపు!’ అనుకోవడం వేరు. ఆ ఆశ్చర్యాన్ని మీరు కొంచెం తొందరపడి ఖర్చు చేసేశారు, అంతే.

రంగులు వేయిస్తే మొక్కలు తెలుస్తాయా అన్నారు. గీత దాటకుండా నింపడం వల్ల ఏమీ తెలియదని నా అభిప్రాయం. చెయ్యి కుదురుతుంది, అదీ మంచిదే, కానీ మొక్క తెలియదు. రంగు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం కన్ను పని చేస్తుంది. కానుగాకు ఆకుపచ్చా వేపాకు ఆకుపచ్చా ఒకటేనా? కానుగ చిగురు ఏ రంగు? ఈ ప్రశ్న పెన్సిళ్ల డబ్బా ముందు కూర్చున్నప్పుడే పుడుతుంది, కిటికీలోంచి ఊరికే చూస్తే పుట్టదు. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది, నాకు మరీ ఇష్టమైనది: ఈ రంగు ఎవరి కోసం?

మోదుగని తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి చెట్టంతా నారింజ ఎరుపు. తేనెటీగ కంటికి ఎరుపు సరిగా ఆనదు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే ఆయన రంగు అట్టముక్కల మీద తీపినీళ్లు పెట్టి, తేనెటీగలకి రంగులు తెలుస్తాయని, కానీ ఎరుపుని ముదురు బూడిదతో పొరబడతాయని 1914 నాటికే చూపించాడు. తేనెటీగల మీద చేసిన పనికే 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మరి మోదుగ ఆ ఎరుపు ఎవరికి చూపిస్తోంది? పక్షులకి. ఆ నెలల్లో మోదుగ కింద కాసేపు నిలబడితే తేనెపిట్టలు, గోరింకలు, అప్పుడప్పుడు ఉడుతలు కూడా కనిపిస్తాయి. అదే పారిజాతం చూడండి. సాయంత్రం విచ్చి తెల్లారేసరికి రాలిపోతుంది. చీకట్లో ఎరుపెందుకు దండగ? తెలుపూ, వాసనా ఉంటే రాత్రి ఎగిరే రెక్కల పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. పిల్లలు తెల్లపువ్వు పేజీ ఇస్తే ‘ఇందులో వేయడానికేముంది’ అని పక్కన పడేస్తారు. పువ్వుని కాగితం తెలుపుగానే వదిలేసి, కాడకి మాత్రం నారింజ రంగు పెట్టి, చుట్టూ ఉన్న రాత్రినంతా నలుపూ నీలంతో నింపమనండి. పువ్వు ఎందుకు తెల్లగా ఉందో మీరు వివరించే పనే ఉండదు.

తంగేడు కథ ఇంకా బాగుంటుంది. మీ వైపు రోడ్డు పక్కన ఎక్కడపడితే అక్కడ ఉంటుంది కాబట్టి మొదటి పేజీ దీనితోనే మొదలుపెట్టమంటాను. ఆ పసుపు పువ్వులో మకరందం ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే, అదీ కేసరాల చివర ఉన్న చిన్న బెజ్జాల్లోంచే బయటికి వస్తుంది. తుమ్మెద వచ్చి కేసరాలని పట్టుకుని ఒళ్లంతా జుమ్మని అదిరిస్తుంది. ఉప్పు డబ్బా విదిలించినట్టు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. కేసరాలన్నీ ఒక పొడవు ఉండవు కూడా. పొట్టివాటిలోది వచ్చిన అతిథి తిండికి, పొడుగువాటిలోది అతిథి ఒంటికి అంటుకుని మరో పువ్వుకి పోవడానికి. ఇంత సంగతి రెండో తరగతి పిల్లకి చెప్పక్కర్లేదు. ‘ఈ పువ్వులో అన్ని కేసరాలూ ఒకేలా ఉన్నాయా?’ అని అడిగి, పెన్సిలు చేతికిస్తే చాలు. ఇంట్లో కుండీలో వంగమొక్క ఉన్నా సరే. ఊదా రేకులు, నడుమ పసుపు కేసరాలు, అక్కడా ఇదే జుమ్మనడం.

ఇప్పుడు దిద్దాలా వద్దా అన్న ప్రశ్న. మీకు దారులు లేకపోలేదు. కొన్నాళ్లు ఏమీ అనకుండా వదిలేయవచ్చు. కాగితం బోర్లించడం దానంతటదే తగ్గుతుంది, మళ్లీ మీ పక్కన కూర్చుంటుంది. మొక్కలు మాత్రం అక్కడే ఆగిపోతాయి, దానికి మీరు సిద్ధపడాలి. లేదా ఇప్పటిలా ప్రతిసారీ దిద్దవచ్చు. సరైన రంగులు వస్తాయి, కానీ మీ నుంచి వస్తాయి. రేపు తెలియని మొక్క ఎదురైతే ఆ మొక్కకేసి చూడదు, మీ మొహంకేసి చూస్తుంది. మూడోది, మీ పేజీ మీరు వేసుకోవడం. అదే బొమ్మ రెండు కాపీలు తీసి, ఒకటి మీ ముందు పెట్టుకుని, నిజం పువ్వు చూస్తూ మీకు మీరు వేసుకోండి. పిల్ల పేజీ గురించి మాట్లాడకండి. ఇందులో ఒక చిక్కు ఉంది. మీకు బొమ్మలు గీయడం వచ్చు కాబట్టి మీది అందంగా వస్తుంది, పిల్ల పోల్చుకుని మరీ ముడుచుకుపోవచ్చు. అందుకని మీరు అందం కోసం వేయకండి. పక్కన ఖాళీలో నాలుగైదు పసుపులు కలిపి చూసి, ‘ఏదీ కుదరడం లేదే’ అని పైకే అనుకోండి. నిజంగానే కుదరదు లెండి, తంగేడు పసుపు అంత తేలిగ్గా దొరికేది కాదు. నన్నడిగితే ఈ మూడో దారికే మొగ్గుతాను. మీకు వంటా ఉద్యోగం మధ్య తీరిక లేదంటే మాత్రం మొదటిదే నయం. సగం మనసుతో చేసే మూడోది మళ్లీ రెండోదిగా మారిపోతుంది.

పిల్లకి ఊదా మీద మోజుంటే దానికీ చోటు చూపించవచ్చు. మన కళ్లకి కనిపించని అతినీలలోహిత కాంతి తేనెటీగలకి కనిపిస్తుంది. మనకి ఒట్టి పసుపుగా కనిపించే కొన్ని పూల మీద వాటికి చారలూ, మచ్చలూ కనిపిస్తాయి, మకరందం ఎటుందో చెప్పే గుర్తుల్లా. ఆ రంగుకి ఏ డబ్బాలోనూ పెన్సిలు లేదు. కాబట్టి ఒకే పువ్వుని ‘మన కంటికి’ అని ఒకసారి, ‘తేనెటీగ కంటికి’ అని ఇంకోసారి వేయమనండి. రెండో బొమ్మలో తప్పు పట్టే హక్కు మీకే కాదు, లెక్చరర్ గారికీ ఉండదు.

ఆయన దగ్గరికే వద్దాం. చెప్పిన విషయం నిజం. బంతి మెక్సికో నుంచి, బిళ్ళగన్నేరు, తురాయి మడగాస్కర్ నుంచి, కాగితం పూలు దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. చెప్పిన చోటు మాత్రం బాగాలేదు. ఫోన్ చేసి చెప్పదగిన మాట. మీకు కలిగిన అవమానం నాకు అర్థమైంది, కానీ ఆ మాట వల్ల మీ పని చెడలేదు. నిజానికి ‘మనది’ అంటే ఏమిటన్న ప్రశ్న మీ బొమ్మల్లోకి అప్పుడే వచ్చింది.

రోడ్డు పక్క గడ్డిచేమంతి మీద ఎన్ని సీతాకోకచిలుకలు వాలతాయో చూసే ఉంటారు. అదీ అమెరికా ఖండం మొక్కే. లంటానా కూడా అంతే, పైగా అది మన అడవుల్ని ఆక్రమిస్తోంది. తేనె తాగడానికి సీతాకోకచిలుకకి పెద్ద పట్టింపు లేదు. గుడ్డు పెట్టేటప్పుడు మాత్రం పట్టింపంతా బయటపడుతుంది. ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక జిల్లేడునీ దాని చుట్టాలనీ వెతుక్కుంటూ వెళ్లి ఆకు మీద గుడ్డు పెడుతుంది. పుట్టిన గొంగళిపురుగుకి ఆ పాలుగారే ఆకే తిండి, బంతి ఆకు పెడితే చచ్చిపోతుంది. కాబట్టి మీ పేజీల్లో పువ్వూ సీతాకోకా మాత్రమే ఉంటే కథ సగమే. ఆకు, గుడ్డు, గొంగళిపురుగు కూడా గీయండి. ఏ మొక్క ఇక్కడిది, ఏది వచ్చి చేరింది అన్న తేడా ఆ ఆకుల దగ్గర పిల్లలకి తేలిగ్గా అందుతుంది.

మీరు విసుక్కున్న ఆ విదేశీ పుస్తకాన్ని కూడా పారేయకండి. అందులోని మోనార్కూ మన ప్లెయిన్ టైగరూ దగ్గరి చుట్టాలే. మోనార్క్ గొంగళిపురుగుకి ఒంటి మీద రెండు జతల నల్లటి తీగలుంటాయి, మనదానికి మూడు జతలు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టమంటే పిల్లలు మనకన్నా ముందు కనిపెడతారు. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేదు. ఆ పని ఇక్కడ చేస్తున్నది ఎవరు? తేనెపిట్ట. ఇలా ఒక్కో పేజీకీ మన జవాబు పేజీ గీసుకుంటూ పోవచ్చు. మేడిపండుకి మాత్రం అలాంటి జవాబు వెతక్కండి, దాని తీరే వేరు. పొట్ట విప్పితే పురుగులుంటాయని మనకి చిన్నప్పుడే చెప్పారు, ఎగతాళిగా. దాని పూలన్నీ కాయ లోపలే ఉంటాయి, ఆ పూలకి పుప్పొడి మోసుకొచ్చేవి ఆ చిన్న కందిరీగలే. అవి రాకపోతే మేడికి విత్తనమే లేదు. అడ్డంగా కోసిన మేడికాయ బొమ్మ ఒకటి గీసి చూడండి, పిల్లలు వదిలిపెట్టరు.

పంచిన బొమ్మల్ని ఏం చేయాలన్నది మీ ఇష్టం. చెప్పకుండా తీసేస్తే గొడవ సద్దుమణుగుతుంది. పిల్లలు మాత్రం ‘ఆంటీ బొమ్మలు తప్పట’ అని గుర్తుపెట్టుకుంటారు. పేరు మార్చి ‘మన ఊళ్లో కనిపించే పూలు’ అంటే ఒక్క గీతా మార్చక్కర్లేదు, అన్నీ నిజమే అవుతాయి. ఇది తేలిక దారి. లేదా బంతినీ తురాయినీ అలాగే ఉంచి, ‘ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడుగున ఒక గీత గీసి వదలండి, తంగేడు, మోదుగ, జిల్లేడు, కొండగోగు కొత్తగా చేర్చండి. శ్రమ ఉంది, కానీ రెండు రకాలూ ఎదురెదురుగా ఉంటాయి. ఈ దారిలో వెళ్లదలిస్తే ఆ లెక్చరర్ గారినే కలవండి. అచ్చు వేయించే ముందు పేర్లు చూసిపెట్టమనండి. అలాంటి పెద్దవాళ్లకి తెలిసింది చెప్పే చోటు దొరక్కే గ్రూపులో చెప్పేస్తుంటారు. ఆయన మొత్తం తన చేతుల్లోకి తీసుకుని లాటిన్ పేర్లు రాయించే ప్రమాదం ఉంది. పేర్లు ఆయనవి, బొమ్మలు మీవి అని మొదటే తేల్చుకోండి. వెళ్లాలనిపించకపోతే వెళ్లనక్కర్లేదు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లో ఫొటో పెడితే పేర్లు సూచిస్తుంది, తెలిసినవాళ్లు సరిచూస్తారు. మొదట వచ్చే సూచన ఊహ మాత్రమే, దాన్నే ఖాయం చేసేసుకోకండి.

గీయడానికి నమూనాలు కావాలంటే ఇంకో మంచి దారి ఉంది. 18వ శతాబ్దం చివర్లో విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు సామర్లకోటలో ఉంటూ, ఇక్కడి చిత్రకారుల చేత మన తీరం మొక్కల్ని గీయించి రంగులు వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి, ఒక్కో ప్రతికీ చేత్తో రంగులద్ది మరీ. తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మోదుగ అందులో ఉంది. కాపీరైటు ఎప్పుడో పోయింది, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా చూడవచ్చు. గీతల వరకు ట్రేస్ చేసుకుంటే పిల్లలకి మంచి పేజీలవుతాయి. చూసి రంగు వేయడం ద్వారా మొక్కని తెలుసుకోవడమన్నది మన జిల్లాల్లో పాత సంగతే, మీరు కనిపెట్టిన వింత కాదని మీ ఆయనతో చెప్పవచ్చు.

మీకు రానిది నేర్పబోవడం తప్పా అన్నారు. నేర్పుతున్నాననుకుంటే ఇబ్బంది. పిల్లతో పాటు మీరూ తెలుసుకుంటున్నారనుకుంటే అందులో తప్పేముంది? నాన్నగారు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఫోన్‌లో మీరు అడక్కండి, మనవరాలి చేత అడిగించండి. ‘తాతయ్యా, పసుపు పువ్వు, ఆకు ఇలా ఉంది’ అని ఆ పిల్ల వర్ణించాలి, ఆయన పోల్చుకోవాలి. వర్ణించాలంటే చూడాలి కదా. ఆయన చెప్పే పేరు పుస్తకంలో పేరుతో కలవకపోతే రెండూ రాసుకోండి.

అత్తయ్యగారి భయం కొట్టిపారేసేది కాదు. ముందటిసారి కుట్టినప్పుడు కుట్టినచోట వాపుతో పోయిందా, లేక ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? రెండోదైతే డాక్టరుకి చూపించాకే బయటికి తీసుకెళ్లండి. ఉత్త వాపే అయితే, ఈగలూ తుమ్మెదలూ కాసేపు పక్కనపెట్టి కరివేపాకు మొక్కతో మొదలుపెట్టండి, అత్తయ్యగారి కళ్లముందే. ఆకు మీద పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఏదైనా కదిలితే అది సీతాకోకచిలుక పిల్ల. పెరిగే కొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తలవెనక నుంచి చీలిన కొమ్ములాంటిది బయటికి చాచి ఘాటు వాసన కొడుతుంది, కుట్టదు. నాలుగు రోజులకోసారి దాని రంగు మార్చి వేయాల్సి వస్తుంది కాబట్టి మీ అమ్మాయికి చేతినిండా పనే. కూరలోకి ఆ ఒక్క రెమ్మా తుంచొద్దని అత్తయ్యగారికి చెప్పే బాధ్యత కూడా పిల్లకే ఇవ్వండి.

జిల్లేడు పేజీ వేసే రోజు మాత్రం ఒక జాగ్రత్త. ఆకు తుంచి ఇంటికి తేవద్దు. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కాగితమూ పెన్సిళ్లూ అట్టకి బిగించుకుని మీరే మొక్క దగ్గరికి వెళ్లండి, వచ్చాక చేతులు కడిగించండి.